టోక్యోలో జపాన్ కత్తుల మ్యూజియం: ఏం చూడాలి, ఎలా చూడాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం టోక్యో వెళ్తోంది. పదకొండేళ్ల బాబుకి అనిమే పిచ్చి, నిజమైన కటానా చూడాల్సిందేనని పట్టుబట్టాడు. ర్యోగోకులోని కత్తుల మ్యూజియం గురించి రివ్యూలు చూస్తే "ఒక్కటే హాలు, అరగంటలో అయిపోయింది, కత్తులన్నీ ఒకేలా ఉన్నాయి" అని ఉంది. వెళ్లడం దండగా? ఉఎనోలోని నేషనల్ మ్యూజియం చూస్తే సరిపోతుందా? ఒక కత్తి కొని తెచ్చుకోవచ్చా?

ఆ రివ్యూలు అబద్ధాలేం కాదండీ. ప్రదర్శన ఉండేది నిజంగానే ఒక్క హాల్లో. ఏమీ తెలియకుండా వెళ్తే అరగంట కూడా ఎక్కువే. అద్దాల వెనక పిడి లేని ఒక ఉక్కు పట్టీ, దాని పక్కన ఇంకో ఉక్కు పట్టీ. పది చూసేసరికి ఆవలింతలు మొదలవుతాయి. అదే హాల్లో ఎవరో ఒక జపాన్ పెద్దాయన ఒకే కత్తి ముందు చాలాసేపు వంగుతూ, లేస్తూ, మళ్లీ వంగుతూ కనిపిస్తాడు. ఆయనకు కనిపిస్తున్నదేదో మనకు కనిపించడం లేదు. అది కనిపించడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఎక్కడ నిలబడాలో, వెలుగు కత్తి మీద ఎక్కడ పడాలో తెలిస్తే చాలావరకు పని అయిపోతుంది. కాబట్టి వెళ్లండి, కానీ చూసే పద్ధతి తెలుసుకుని వెళ్లండి.

నేను మెటలర్జీ చదివి, ఉద్యోగం మీద జపాన్ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. మనవాళ్లు ఎవరొచ్చినా ఈ మ్యూజియానికి తీసుకెళ్లడం నాకు అలవాటు. ఎవరికి ఎక్కడ బోర్ కొడుతుందో బాగానే తెలుసు.

ముందు అక్కడ ఏం ఉండవో చెప్తాను, బాబుని ముందే సిద్ధం చేయొచ్చు. సమురాయ్ కవచాల బొమ్మలు వరసగా నిలబడి ఉండవు. యుద్ధం వీడియోలు ఉండవు. కత్తి పట్టుకుని ఫొటో దిగే చోటు ఉండదు. పిడి, ఒర లాంటి అలంకారాలు కొన్ని విడిగా పెడతారు గానీ, ఎక్కువ భాగం ఒట్టి కత్తి అలుగులే. మూడో అంతస్తులో ప్రదర్శన హాలు, కింది అంతస్తులో కత్తి తయారీ గురించి చెప్పే చిన్న భాగం, షాపు ఉంటాయి. కింది అంతస్తుకి టికెట్ అక్కర్లేదు. ముందు అక్కడ పది నిమిషాలు గడిపి, తర్వాత టికెట్ తీసుకుని పైకి వెళ్లండి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు.

ఇలా ఒట్టి అలుగులే ఎందుకు పెడతారో తెలియాలంటే ఈ సంస్థ ఎలా పుట్టిందో తెలియాలి. 1945లో జపాన్ లొంగిపోయాక అమెరికా ఆక్రమణ సేనలు దేశమంతా ఆయుధాలు అప్పగించమన్నాయి. ఇళ్లల్లో తరతరాలుగా దాచుకున్న కత్తులు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. ఎన్నో సముద్రంలో పడేశారు, కరిగించారు, సైనికులు జ్ఞాపికలుగా పట్టుకుపోయారు. టోక్యో ఉత్తరాన అకబానెలోని గిడ్డంగిలో పోగుపడ్డవాటిలో పనికొచ్చేవి ఏరి విడదీశారు. వాటినే ఇప్పటికీ అకబానె కత్తులంటారు. 1990ల చివర్లో వాటిలో వేలకొద్దీ కత్తుల్ని దేశంలోని మ్యూజియాలకు పంచారు. అప్పట్లో హొమ్మా జుంజి అనే కత్తుల పండితుడు, మరికొందరు కలిసి కాడ్వెల్ అనే అమెరికన్ కల్నల్‌కి నచ్చజెప్పారు. ఇవి ఒట్టి ఆయుధాలు కావు, కళాఖండాలు, వీటిని వదిలేయండి అన్నది వాళ్ల వాదన. ఆ వాదన నెగ్గింది. కళావిలువ ఉన్న కత్తిని ఉంచుకోవడానికి అనుమతి వచ్చింది. 1948లో జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం ఏర్పడింది. ఈ మ్యూజియం ఆ సంఘానిదే. 1968లో యొయొగిలో మొదలై, 2018 జనవరిలో ర్యోగోకులోని ఇప్పటి భవనానికి మారింది. ఫుమిహికో మాకి డిజైన్ చేసిన భవనం అది.

కత్తిని కళగా నిరూపించి బతికించుకున్న సంస్థ కాబట్టి దాన్ని కళగానే చూపిస్తుంది. ఎవరు ఎవరిని నరికారన్న కథలు అక్కడ తక్కువ. ఉక్కు ఎలా ఉంది, కమ్మరి చేయి ఎలా ఉంది, ఏ కాలం, ఏ ఊరు అన్నదే ఎక్కువ. కథల కోసం వెళ్లినవాళ్లు నిరాశపడేది ఇక్కడే.

ఇక అసలు విషయం, చూసే పద్ధతి.

అద్దం ముందు నిటారుగా నిలబడి చూస్తే కత్తి అంచు పొడవునా తెల్లటి పట్టీ కనిపిస్తుంది. అందరూ దాన్నే హమోన్, అంటే అంచు గట్టిపడినప్పుడు ఉక్కులో ఏర్పడే గీత, అనుకుంటారు. అది చాలావరకు మెరుగు పెట్టిన పనివాడి చేతి పని. చిటికెన వేలి గోరంత సన్నటి రాతి ముక్కని బొటనవేలి కింద పెట్టి రుద్ది, అంచు భాగాన్ని తెల్లబరుస్తారు. దీన్ని హదొరి అంటారు. అది అసలు హమోన్‌ని ఉజ్జాయింపుగా అనుసరిస్తుందే తప్ప, హమోన్ అది కాదు. అసలుది చూడాలంటే పైనున్న చిన్న దీపం ప్రతిబింబం కత్తి మీద పడేలా మీరు కదలాలి. కొంచెం మోకాళ్లు వంచండి, తల పక్కకి వంచండి, దీపం మెరుపు అలుగు మీదికి వచ్చేదాకా మెల్లగా కిందికీ పైకీ కదలండి. మెరుపు అంచు దగ్గరికి రాగానే ఆ తెల్లపట్టీ మాయమై, దాని లోపలి నుంచి ఇంకో గీత బయటపడుతుంది. సన్నగా, పొగమంచులా, ఒక్కోచోట చుక్కలుగా మెరుస్తూ ఉంటుంది. హమోన్ అదే. ఒకసారి కనిపించాక మళ్లీ వదలదు.

పిల్లలకి ఇది పెద్దవాళ్లకంటే త్వరగా కనిపిస్తుంది. వాళ్ల కళ్లు పెట్టె ఎత్తుకి దగ్గరగా ఉండటం వల్ల వంగకుండానే ఆ కోణం దొరుకుతుంది. మీ బాబుని ముందు నిలబెట్టి "నీకు గీత ఎక్కడ కనిపిస్తోంది?" అని అడగండి. తండ్రికి కనిపించనిది తనకి కనిపించిందంటే ఆ రోజుకి వాడిని ఆపలేరు.

ఆ గీత ఎలా పుడుతుందన్నది నా చదువుకి సంబంధించిన విషయం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. కత్తి ఆకారం పూర్తయ్యాక, కమ్మరి దాని మీద మట్టి పూత పూస్తాడు. బంకమట్టి, బొగ్గుపొడి, రాతిపొడి కలిపిన ముద్ద అది. వెన్ను వైపు మందంగా, అంచు వైపు పల్చగా పూసి, ఆరనిచ్చి, కొలిమిలో కాలుస్తాడు. అప్పుడు గది చీకటి చేస్తారు, ఎందుకంటే వేడి ఎంత ఉందో ఉక్కు రంగు చూసే చెప్పాలి. సుమారు 750 నుంచి 800 డిగ్రీల మధ్య, సరైన ఎరుపు వచ్చిన క్షణంలో నీళ్ల తొట్టిలో ముంచుతాడు. పల్చటి పూత ఉన్న అంచు ఒక్కసారిగా చల్లారి మార్టెన్సైట్ అనే చాలా గట్టి రూపంలోకి మారుతుంది. మందమైన పూత ఉన్న వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా, విరగకుండా వంగే గుణంతో మిగులుతుంది. ఈ రెండూ కలిసే సరిహద్దే హమోన్. మార్టెన్సైట్ కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అంచు సాగుతుంది, కత్తి వెనక్కి వంగుతుంది. కటానా వంపులో చాలా భాగం కమ్మరి సుత్తితో కొట్టి తెచ్చింది కాదు, నీళ్లలో ముంచిన ఆ కొద్ది సెకన్లలో వచ్చింది. పగుళ్లు వచ్చేదీ అప్పుడే. అప్పటిదాకా చేసిన పనంతా ఒక చిన్న "టిక్" శబ్దంతో పోవచ్చు.

సరిహద్దులో ఉన్న మార్టెన్సైట్ స్ఫటికాలు కంటికి విడివిడిగా చుక్కల్లా కనిపించేంత పెద్దవైతే నియె అంటారు, విడివిడిగా కనిపించకుండా మబ్బులా కలిసిపోతే నియోయి. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే మ్యూజియం కార్డుల్లో సగం అర్థమవుతాయి. హమోన్ ఆకారాలకీ పేర్లున్నాయి. తిన్నగా గీత గీసినట్టుంటే సుగుహ, అలల్లా ఉంటే నొతారె, చిన్న చిన్న గుట్టలుగా ఉంటే గునొమె, లవంగ మొగ్గలు వరసగా పేర్చినట్టుంటే చోజి. ఇప్పటి ఒకాయామా ప్రాంతంలోని బిజెన్ కమ్మరులది చోజిలో పెద్ద పేరు. కమకురా కాలం (12-14 శతాబ్దాలు) నాటి బిజెన్ కత్తి ఏదైనా ప్రదర్శనలో ఉంటే బాబుకి మొదట అదే చూపించండి. మొదటిసారి చూసేవాళ్లకి అది వెంటనే దొరుకుతుంది. తిన్నటి సుగుహ చూడటానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. నాకు మాత్రం ఇప్పుడు సుగుహ అంటేనే ఇష్టం, అది వేరే సంగతి.

హమోన్ తర్వాత, అంచుకీ వెన్నుకీ మధ్య ఉన్న చదునైన భాగం చూడండి. కోసిన టేకు చెక్క మీద గీతల్లా సన్నటి అల్లిక ఉంటుంది. ఉక్కుని కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ కాల్చి, మళ్లీ మడవడం వల్ల వచ్చిన పొరలివి. ఇక్కడే బాబుకి ఒక లెక్క చెప్పొచ్చు. సినిమాల్లో కత్తిని వెయ్యిసార్లు మడిచారంటారు. నిజానికి పది నుంచి పదిహేను సార్లకి మించి మడవరు. పదిహేను మడతలంటే రెండుని పదిహేనుసార్లు హెచ్చించాలి, 32,768 పొరలు. ఆపైన మడిస్తే లాభం లేకపోగా నష్టం, ప్రతి మడతకీ ఉక్కులోని కార్బన్ కొంత కాలిపోతుంటుంది. మొదట్లో ఒక శాతానికి పైగా ఉన్న కార్బన్‌ని 0.6, 0.7 శాతం దగ్గరికి దించడం, లోపలి మలినాల్ని బయటికి వెళ్లగొట్టడం, ఉక్కు అంతటా ఒకేలా చేయడం, ఈ మూడింటి కోసమే మడతలు.

ఆ ఉక్కు పేరు తమహగనె. ఇనుప ఖనిజం రాయి నుంచి కాక, నల్లటి ఇనుప ఇసుక నుంచి తీస్తారు. షిమానె రాష్ట్రంలోని ఒకుఇజుమోలో తతారా అనే మట్టి కొలిమి ఉంది. యుద్ధం తర్వాత ఆగిపోయిన ఆ పనిని 1977లో ఈ సంఘమే మళ్లీ మొదలుపెట్టింది. చలికాలంలో మాత్రమే నడుపుతారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల కట్టెబొగ్గు వేస్తే, చివర్లో కొలిమి గోడలు పగలగొట్టి సుమారు 2.5 టన్నుల ఉక్కు ముద్దని బయటికి లాగుతారు. అందులో మేలైన ముక్కలు ఏరి దేశంలోని కమ్మరులకు పంచుతారు. కింది అంతస్తులో తమహగనె ముక్క కనిపిస్తే తప్పకుండా చూడండి. చిల్లులు పడ్డ, గరుకైన, వెండిరంగు రాయిలా ఉంటుంది. పైన హాల్లో చూడబోయే అలుగు దీన్నుంచే వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు.

చాలామంది వదిలేసేది కత్తి తోక, అంటే పిడిలో దాగే భాగం. దీన్ని నకగొ అంటారు. మిగతా అలుగు అద్దంలా మెరుస్తుంటే ఇది నల్లగా తుప్పుపట్టి ఉంటుంది. "ఇంత మెరుగు పెట్టినవాళ్లు ఇదెందుకు వదిలేశారు?" అని అందరూ అడుగుతారు. కావాలనే వదిలేస్తారు. ఆ తుప్పు రంగు, దాని పొర తీరు చూసి వయసు అంచనా వేస్తారు. దాన్ని రుద్ది శుభ్రం చేస్తే కత్తి విలువ పడిపోతుంది. కమ్మరి తన పేరు చెక్కేదీ అక్కడే. పిడిని నిలిపే వెదురు చీలకు ఒక రంధ్రం ఉండాలి. రెండు, మూడు రంధ్రాలు కనిపిస్తే ఆ కత్తికి చరిత్ర ఉందని అర్థం. గుర్రం మీద యుద్ధం చేసిన రోజుల్లో పొడవాటి కత్తులు వాడేవారు. తర్వాతి కాలంలో నేల మీద నడిచి పోరాడే పద్ధతి వచ్చాక ఆ పాత పొడవు కత్తుల్ని తోక వైపు నుంచి కోసి పొట్టి చేశారు. కోసినప్పుడు కమ్మరి సంతకం కూడా పోయింది. అలా సంతకం పోయిన కత్తి ఎవరిదో తేల్చే పని హోనామి అనే కుటుంబం తరతరాలుగా చేసింది. వాళ్లు తేల్చిన పేరుని బంగారంతో తోకలో పొదిగేవారు. నల్లటి తుప్పులో బంగారు అక్షరాలు కనిపిస్తే అది కమ్మరి సంతకం కాదు, శతాబ్దాల తర్వాత ఒక నిపుణుడు ఇచ్చిన తీర్పు.

ఇంకొక్క సూచన ఉంది, ఇది బాబుకి ఆటలా ఉంటుంది. కొన్ని కత్తులు అంచు పైకి ఉండేలా, కొన్ని అంచు కిందికి ఉండేలా పెడతారు. అంచు కిందికి ఉంటే తచి, అంటే నడుముకి తాళ్లతో వేలాడదీసుకునే పాతకాలపు పొడవు కత్తి. అంచు పైకి ఉంటే కటానా, నడుము పట్టీలో దోపుకునేది. ధరించినప్పుడు ఎలా ఉండేదో అలాగే పెడతారన్నమాట. హాల్లోకి వెళ్లగానే తచి ఏవో, కటానా ఏవో దూరం నుంచే చెప్పమనండి.

హాల్లో ఉన్నవన్నీ చూడాలని మాత్రం పట్టుదల పెట్టుకోవద్దు. మొదట ఒక చుట్టు వేగంగా తిరిగి, కంటికి నచ్చిన మూడు నాలుగు ఎంచుకుని, వాటి దగ్గరే సమయం పెట్టండి. పేరున్న కమ్మరిదా కాదా అన్నది చూడకండి. ఇక్కడివాళ్లు చేతిలో పట్టే చిన్న ఒంటికంటి దూరదర్శిని తెచ్చుకుంటారు. మీ ఇంట్లో చిన్న బైనాక్యులర్ ఉంటే, దగ్గరి వస్తువుల మీద ఫోకస్ అయ్యేదైతే, తెచ్చుకోండి. అద్దానికి చెయ్యి ఆనించకండి. నోట్స్ రాసుకోవాలంటే పెన్సిల్ వాడండి, పెన్ను తీస్తే సిబ్బంది వచ్చి మర్యాదగా ఆపేస్తారు. ఫొటోల నియమం ప్రదర్శనని బట్టి మారుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు బోర్డు చూడండి. ఎలాగూ ఫోన్‌లో హమోన్ సరిగ్గా రాదు.

ఇక అనిమే అబ్బాయిలు తప్పకుండా అడిగేవి. అలుగు మీద పొడవునా ఉండే గాడి రక్తం కారడానికి కాదు, బరువు తగ్గించడానికి. మామూలు కటానా బరువు ఒక కిలో, కిలోంపావు మధ్య ఉంటుంది, సినిమాల్లో చూపించినట్టు ఎత్తలేనంత ఏమీ కాదు. కటానా తుపాకీ గొట్టాన్ని కోసేస్తుందన్నది కట్టుకథ. ఎంత గట్టి అంచు ఉంటే అంత పెళుసు, గట్టి వస్తువుని కొడితే చిట్లుతుంది. మురమస కత్తులకి శాపం ఉందన్న కథ తొకుగవ కాలం (17-19 శతాబ్దాలు) నుంచి జనంలో ఉంది, కానీ మురమస ఇసె ప్రాంతపు మంచి కమ్మరులలో ఒకరు, అంతే.

ఉఎనో మ్యూజియం సంగతి. టోక్యో నేషనల్ మ్యూజియం ప్రధాన భవనం కింది అంతస్తులో 13వ గది కత్తులది. అక్కడ ఉండేవి తక్కువే గానీ స్థాయి చాలా పెద్దది. జపాన్‌లో అత్యుత్తమమని పేరుపడ్డ ఐదు కత్తుల్లో రెండు, మికజుకి మునెచిక, దోజిగిరి యసుత్సున, ఈ మ్యూజియానివే. మికజుకి అంటే నెలవంక. హమోన్ పక్కన నెలవంక ఆకారపు మెరుపులు కనిపించడం వల్ల ఆ పేరు. 2015లో కత్తుల్ని అందమైన యువకులుగా చూపించిన ఒక ఆన్‌లైన్ గేమ్ వచ్చాక ఈ కత్తి ముందు అమ్మాయిల క్యూలు మొదలయ్యాయి, ఇప్పటికీ తగ్గలేదు. ఒకప్పుడు రిటైరైన మగవాళ్లు తప్ప ఎవరూ రాని ప్రదర్శనలకి ఇంత జనం రావడం నాకైతే సంతోషమే.

కానీ జాగ్రత్త. ఈ రెండు చోట్లా ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఒక కత్తిని ఏడాది పొడవునా పెట్టరు. "మికజుకి చూడాలి" అని మనసులో పెట్టుకుని వెళ్తే దొరక్కపోవచ్చు. బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో ఆ నెల ప్రదర్శన జాబితా చూడండి. ర్యోగోకు మ్యూజియం ప్రదర్శన మార్చేటప్పుడు కొన్ని రోజులు పూర్తిగా మూసేస్తారు, ఇది మరీ ముఖ్యం. రెండూ సోమవారం సెలవు. సోమవారం పండగ వస్తే తెరిచి, మర్నాడు మూస్తారు.

రెండింట్లో ఒకటే కుదిరితే? బాబు ఒక్కడి కోసమైతే ర్యోగోకు, ఎందుకంటే అక్కడ కత్తి తప్ప వేరే ఏదీ దృష్టి మళ్లించదు, వెలుగు అమరిక కూడా దీని కోసమే. ఇంట్లో మిగతావాళ్లకి బుద్ధ విగ్రహాలు, చిత్రాలు, కిమోనోలు కూడా కావాలంటే ఉఎనో. నా సలహా రెండూ ఒకే రోజు పెట్టుకోమని. పొద్దున్న ఉఎనో, మధ్యాహ్నం ర్యోగోకు. ఉఎనో పార్కు నుంచి దక్షిణంగా నడిచి ఉఎనో-ఒకచిమచి స్టేషన్‌లో ఒఎదో లైన్ ఎక్కితే మూడో స్టేషన్ ర్యోగోకు. దిగి కొన్ని నిమిషాల నడక. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే నిషి-కసాయిలో ఎవరింట్లోనైనా దిగుతుంటే, తోజాయి లైన్‌లో మోన్జెన్-నకచో దాకా వచ్చి అక్కడ ఒఎదో లైన్‌కి మారండి. పెద్దలకి టికెట్ సుమారు 1000 యెన్లు, మీ బాబు వయసు పిల్లలకి ఉచితం.

మ్యూజియం పక్కనే పాత యసుద తోట ఉంది, ప్రవేశం ఉచితం. పైన మూడో అంతస్తు నుంచి కూడా తోట కనిపిస్తుంది. ర్యోగోకు సుమో ఊరు, స్టేడియం దగ్గర్లోనే. జనవరి, మే, సెప్టెంబర్ టోర్నమెంట్ల రోజుల్లో వెళ్తే కిమోనోల్లో నడిచి వెళ్లే సుమో వీరులు వీధిలోనే కనిపిస్తారు, ఆ మాటకి బాబు కత్తుల్ని కూడా మర్చిపోవచ్చు. అక్కడి ప్రసిద్ధ వంటకం చాంకో అనే ఉడుకుడు కూర. అందులో చికెన్, చేపలు ఉంటాయి. మీరు శాకాహారులైతే తిండి ఉఎనో దగ్గరే చూసుకుని బయల్దేరండి.

మీ ట్రిప్‌లో ఒకాయామా వైపు వెళ్లే వీలుంటే మాత్రం సెతోఉచి నగరంలోని ఒసఫునె కత్తుల మ్యూజియం వదలొద్దు. అది బిజెన్ కమ్మరుల సొంత ఊరు. కమ్మరి, మెరుగు పెట్టేవాడు, ఒర చేసేవాడు పక్కపక్కనే పని చేస్తుంటే చూడొచ్చు. సమ్మెటలతో ఉక్కు కొట్టే ప్రదర్శన కూడా కొన్ని ఆదివారాల్లో ఉంటుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి. పిల్లలకి ఏ అద్దాల పెట్టె కంటే అదే నచ్చుతుంది. ఆ చిన్న ఊరివాళ్లు 2020లో సంచొమొ అనే జాతీయ సంపద స్థాయి కత్తిని 50 కోట్ల యెన్లకి కొని సొంత ఊరికి తెచ్చుకున్నారు. దేశం నలుమూలల నుంచీ జనం చందాలు వేశారు.

హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక చిన్న హోంవర్క్. బయల్దేరే ముందు ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి ఆయుధాల గ్యాలరీ చూడండి. అక్కడి పాత కత్తుల్లో కొన్నిటి మీద నీళ్లలో నూనె తిరిగినట్టు మెలికలు కనిపిస్తాయి. అది మన దక్కన్ ఉక్కు గుర్తు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుముని కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని పందొమ్మిదో శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ రాశారు. మన ఉక్కులో ఆ మెలికలు మూసలో నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపలి నుంచే పుడతాయి, జపాన్ వాళ్ల అల్లిక కొలిమి దగ్గర మడతల వల్ల వస్తుంది. రెండూ చూసిన పిల్లాడికి తేడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, పుస్తకంలో చదివితే పట్టదు.

చివరిది, కొనడం గురించి. జపాన్‌లో అసలు కత్తులు చట్టబద్ధంగా అమ్ముతారు, విదేశీయులూ కొనొచ్చు. ప్రతి కత్తికీ రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. కొత్త కత్తి చేయాలంటే కమ్మరికి కనీసం ఐదేళ్ల శిష్యరికం, ఆపైన ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. నెలకి రెండు పొడవు కత్తులకి మించి చేయకూడదు. అందుకే ధరలు అలా ఉంటాయి. దేశం దాటించాలంటే సాంస్కృతిక శాఖ నుంచి అనుమతి పత్రం తెప్పించాలి, అది టూరిస్టు వారంలో అయ్యే పని కాదు. ఇటు మన దేశంలో కత్తులు ఆయుధాల చట్టం కిందికి వస్తాయి, లైసెన్సు లేకుండా దిగుమతి చేస్తే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతారు. పదును లేని అలంకార కత్తుల గురించి కూడా అడుగుతారు. జింకు మిశ్రమంతో చేసిన వాటిని చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు, ఎయిర్‌పోర్టులో ప్రతి అధికారికీ అది బొమ్మ అని వివరించుకునే టెన్షన్ మీకెందుకు? బాబుకి మ్యూజియం షాపులో పుస్తకమో పోస్టరో కొనివ్వండి.

కత్తి కొనాలన్న సరదా పెద్దవాళ్లదైతే, ఉఎనోకి దగ్గర్లోని కప్పబషి వీధికి వెళ్లండి. వంటింటి సామాను దుకాణాల వీధి అది. అక్కడి కూరగాయల కత్తుల్లో కొన్ని ఇదే సూత్రంతో చేస్తారు, గట్టి ఉక్కుకి మెత్తని ఇనుము అతికించి. ప్యాక్ చేయించి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. కార్బన్ ఉక్కుది చూడటానికి అందంగా ఉంటుంది గానీ, చింతపండు, నిమ్మకాయ, టమాటా తగిలితే నల్లబడుతుంది, వెంటనే తుడవకపోతే తుప్పు పడుతుంది. మన వంటకి స్టెయిన్‌లెస్‌దే తీసుకోండి. కొన్న దుకాణంలోనే పేరు చెక్కిస్తారా అని అడగండి, కొన్ని చోట్ల చెక్కిస్తారు.